ఒత్తు కింద గీత



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు కంప్యూటరు ముందు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన జీవితమంతా కంపోజింగు స్టిక్కుతో, గాలీ ప్రూఫులతో, వారపత్రిక డమ్మీలతో గడిచిపోయింది. అలాంటి మనిషి జ్ఞాపకార్థం తెర మీద కొమ్మలు కొమ్మలుగా విడిపోయే కథల గురించీ, వాటిలో పాఠకుడికి దారి చూపే పద్ధతుల గురించీ మాట్లాడటమేమిటని నిర్వాహకులు కాస్త మొహమాటపడుతూనే అడిగారు. నా దగ్గర ఉన్న జవాబు చిన్నది. మాస్టారు వారం వారం అచ్చు వేసిన ఒక లైను అది: "మిగతా 42వ పేజీలో".

సీరియల్ ఒక పేజీలో మొదలై, చోటు చాలక, ఎక్కడో వెనక పేజీకి ఎగిరిపోయేది. ఎక్కడ తెంపాలన్నది మాస్టారి చేతిలో ఉండేది. పేరా పూర్తయిన చోట తెంపితే ఆయనకు నచ్చేది కాదు. పేరా పూర్తిచేసిన పాఠకుడు కాఫీకి లేస్తాడనేవారు. వాక్యం సగంలో తెంపితే మనసు వాక్యంలోనే ఉంటుంది, వేళ్ళు పేజీలు తిప్పుతాయి. ఆ లైను ఎప్పుడూ చిన్న టైపులో, కుడివైపు చివర, బ్రాకెట్లలోనే ఉండాలి. ఏళ్ళ తరబడి అదే చోట, అదే టైపు. దాన్ని ఎవరూ చదవకూడదు, చెయ్యి మాత్రం పాటించాలి. పేజీ నంబరు మాత్రం చివరి ఫారం కట్టేదాకా ఖాళీగా వదిలేవారు. ఆ ఖాళీ నింపడం మరిచిపోయిన వారాలున్నాయి, తప్పు నంబరు వేసిన వారాలూ ఉన్నాయి. ఒకసారి హీరోయిన్ బావి గట్టు మీద నిలబడి ఉండగా పేజీ తిప్పితే తలనూనె ప్రకటన ఎదురైంది. ఆ వారం వచ్చిన కార్డులు ఆయన చాలాకాలం దాచుకున్నారు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ లైనులోనే ఉంది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పాఠకుణ్ణి తీసుకుపోయే గుర్తు ఎలా కనబడాలన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. అది కథ రాసేవాళ్ళు చేయవలసిన పని. దాన్ని యంత్రానికి వదిలేస్తే కథలో కొంత భాగాన్ని యంత్రమే రాస్తుంది.

హైపర్‌టెక్స్ట్ అనే మాటను టెడ్ నెల్సన్ 1965లో అచ్చులోకి తెచ్చాడు. వరసగా కాకుండా, ఒకదానికొకటి లింకులతో కట్టిన రాత అని స్థూలంగా అర్థం. కథలకు వస్తే, కాగితం మీదే ఆ ప్రయత్నాలు అప్పటికే మొదలయ్యాయి. హూలియో కోర్తాసార్ 1963లో వేసిన స్పానిష్ నవల 'రాయుయేలా'లో 155 అధ్యాయాలున్నాయి. మామూలుగా చదివితే 56తో ఆగిపోవచ్చు. లేదంటే ముందు ఇచ్చిన పట్టిక ప్రకారం 73వ అధ్యాయంతో మొదలుపెట్టి గెంతుకుంటూ పోవచ్చు. అలా పోతే చివర 131, 58ల మధ్య తిరుగుతూనే ఉంటాం. ప్రతి అధ్యాయం కింద తర్వాత వెళ్ళవలసిన నంబరు ఉంటుంది. మాస్టారు చూసివుంటే ముందుగా ఆ నంబర్లన్నీ ప్రూఫు చూసిందెవరని అడిగివుండేవారు.

మనవాళ్ళకు ఇదంతా ముందే తెలుసు అనే ధోరణిలోకి నేను వెళ్ళను. కథలో కథ వేరు, పాఠకుడి చేత్తో తెరుచుకునే కథ వేరు. అయినా ఒక్క పుస్తకాన్ని మాత్రం కాసేపటి తర్వాత వాడుకుంటాను, అవసరం ఉంది కనుక.

తెర మీది కథల్లో అందరూ మొదట చెప్పే పేరు మైకేల్ జాయిస్ రాసిన 'ఆఫ్టర్‌నూన్, ఎ స్టోరీ'. 1987లో హైపర్‌టెక్స్ట్ పరిశోధకుల సమావేశంలో దాన్ని చూపించారు. 1990లో ఈస్ట్‌గేట్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ ఫ్లాపీ డిస్కు మీద అమ్మింది. 539 ముక్కలు, 951 లింకులు. పీటర్ అనే ఆయన పొద్దున దారిలో ఒక ప్రమాదం చూశాడు. అక్కడ పడివున్నవాళ్ళు తనతో విడిపోయిన భార్యా, కొడుకూ ఏమోనన్న అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నమంతా ఆ సంగతి తెలుసుకోవాలని చూస్తాడు, తెలుసుకోకుండా తప్పించుకోవాలనీ చూస్తాడు.

ఈ కథలో ఏ మాట లింకో గుర్తు లేదు. గీత లేదు, రంగు లేదు. రిటర్న్ కీ కొడుతూ పోతే ఒక దారిలో నడుస్తాం. ఏదైనా మాట మీద నొక్కితే, అది లొంగే మాటయితే, వేరే చోటికి పోతాం. లొంగకపోతే మామూలు దారే. పైగా కొన్ని లింకులకు కాపలా ఉంటుంది. ఫలానా ముక్క చదివివుంటేనే ఈ లింకు తెరుచుకుంటుందని రచయిత నియమం పెట్టుకోవచ్చు. కథలో అసలు బరువున్న చోటు అలాంటి కాపలాల వెనకే ఉంది. జాయిస్, జే డేవిడ్ బోల్టర్, జాన్ స్మిత్ కలిసి తయారుచేసిన 'స్టోరీస్పేస్' అనే సాఫ్ట్‌వేర్ ఇందుకు వీలు కల్పించింది.

నేను మొదటిసారి చదివినప్పుడు విసుగెత్తింది. చదివిన ముక్కే మళ్ళీ వస్తోంది, బయటికి దారి తెలియదు. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, ఆ విసుగు పీటర్‌దేనని. ఎక్కడ తాకితే నిజం బయటపడుతుందో తెలియని మనిషి కథను, ఎక్కడ తాకితే లింకు తెరుచుకుంటుందో తెలియని తెర మీద పెట్టాడు జాయిస్. లింకుల కింద గీతలుంటే ఈ కథ చచ్చిపోయేది. అయితే ఇది చూసి గుర్తులు దాచడమే గొప్ప అనుకున్నవాళ్ళ కథలు కూడా కొన్ని చదివాను. అక్కడ పాఠకుడు పోగొట్టుకున్నది దారి కాదు, ఓపిక.

ఇంతకీ లింకు నీలంగా ఎందుకుంటుంది? 1991 ప్రాంతంలో వెబ్‌కు వచ్చిన తొలి బ్రౌజర్లలో ఒకదానిలో రంగులూ లేవు, మౌసూ లేదు. లింకు పక్కన బ్రాకెట్లలో నంబరు కనిపించేది. ఆ నంబరు టైపు చేస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళం. అచ్చంగా "మిగతా 42వ పేజీలో" పద్ధతే. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరుతో నీలం రంగు, కింద గీత ఊళ్ళోకి పాకాయి. దానికంటే ముందే, 1980లలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ బృందం హైపర్‌టైస్ అనే వ్యవస్థ మీద పనిచేస్తూ లింకులకు రంగులు వేసి చూసింది. ఎరుపు వేస్తే లింకులు బాగా కంటపడ్డాయి. కానీ చదివేవాళ్ళకు చదివింది గుర్తుండటం తగ్గింది. నీలం అయితే కనబడుతుంది, చదువును మరీ చెడగొట్టదు. ఇక్కడ పోటీ ఉంది చూడండి, కనబడటానికీ చదవబడటానికీ. సమాచారం రాసేవాళ్ళు కనబడటం వైపు మొగ్గినా పరవాలేదు. కథకుడికి ఆ రెంటి మధ్య తూకం ప్రతి వాక్యంలోనూ కావాలి.

నీలం తర్వాత ఊదా వచ్చింది. చూసేసిన లింకు ఊదాగా మారుతుంది. వార్తలకు అది ఉపకారమే. కథలో మాత్రం "ఇక్కడ నీకింక పనిలేదు" అని చెప్పినట్టే. అదే ముక్కను రెండోసారి చదివితే అర్థం మారేలా రాసిన కథలో ఆ ఊదా రంగు అబద్ధం.

ఇక మ్యాపుల సంగతి. స్టువర్ట్ మౌల్త్రాప్ 1991లో తెచ్చిన 'విక్టరీ గార్డెన్' గల్ఫ్ యుద్ధకాలం కథ. దాదాపు వెయ్యి ముక్కలు, 2,800కు పైగా లింకులు. అంత అడవిలోకి పాఠకుణ్ణి ఊరికే తోసెయ్యలేక, మొదట్లోనే తోట దారుల్లా గీసిన మ్యాపు ఒకటి పెట్టాడు. ఎక్కడ వేలు పెట్టినా లోపలికి పోవచ్చు. షెల్లీ జాక్సన్ 1995లో చేసిన 'ప్యాచ్‌వర్క్ గర్ల్' మ్యాపును ఇంకా లోతుగా వాడుకుంది. మేరీ షెల్లీ 1818 నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'లో శాస్త్రవేత్త తన వికృత సృష్టికి తోడుగా ఒక ఆడమనిషిని తయారుచేస్తూ, పూర్తికాకముందే చించేస్తాడు. జాక్సన్ కథలో ఆ ఆడమనిషి బతికింది. ఆమెను కుట్టి నిలబెట్టింది మేరీ షెల్లీయే. శ్మశానం అనే భాగంలో ఆమె ఒక్కో అవయవం ఒక్కో స్త్రీ నుంచి వచ్చింది, ఆ అవయవాన్ని తాకితే ఆ స్త్రీ కథ. తెర మీద మ్యాపులో పెట్టెలు, వాటి మధ్య గీతలు. ఆ గీతలు కుట్లని చెప్పకుండానే తెలుస్తుంది. ముక్కలుగా ఉండటమే ఆమె కథ కాబట్టి, మ్యాపు ఆ కథకు పక్కన పెట్టిన విషయసూచికలా కాకుండా ఆమె ఒళ్ళులా అనిపిస్తుంది. తెర మీది కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

కానీ ప్రతి కథకూ మ్యాపు కావాలా? ఇక్కడే ఆ ఒక్క పుస్తకం అవసరం పడింది. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'. మణిసిద్ధుడు గోపకుర్రవాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి నడుస్తుంటాడు, మజిలీ మజిలీకీ ఒక కథ. ఆ కథలో ఇంకో కథ, దానిలో మరొకటి. పన్నెండు సంపుటాల పొడుగునా పాఠకుడు ఎందుకు తప్పిపోడు? రోడ్డు ఒక్కటే కనుక. కథ ఎంత లోతుకు పోయినా బయట ఇద్దరు మనుషులు నడుస్తున్నారు, పొద్దుగూకితే దిగుతారు, కుర్రవాడికి అన్నం కావాలి. అది మ్యాపు లేని దారి చూపు. ఇంకిల్ స్టూడియో 2014లో చేసిన '80 డేస్' ఆటలో ఇదే కిటుకు కనిపించింది నాకు. ఎన్ని కథలు విడిపోయినా పైన భూగోళం తిరుగుతూ ఉంటుంది, రోజుల లెక్క నడుస్తూ ఉంటుంది. దారీ గడువూ తెలిస్తే పాఠకుడు మిగతావాటిలో ధైర్యంగా తప్పిపోతాడు.

2009లో క్రిస్ క్లిమస్ 'ట్వైన్' అనే ఉచిత పనిముట్టు విడుదల చేశాక ఈ వ్యవహారం పరిశోధకుల చేతిలోంచి జారి మామూలు మనుషుల చేతిలోకి వచ్చింది. ప్రోగ్రామింగు రానివాళ్ళు కూడా రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య మాట పెడితే లింకు అయిపోతుంది. రాసేవాడికి తెర మీద పెట్టెలూ బాణాలూ కనిపిస్తాయి, చదివేవాడికి కనిపించవు. రచయిత అదుపు వదిలి అలవాటులో పడిపోయే చోటు కూడా ఇదే. నల్లటి నేపథ్యం, తెల్ల అక్షరాలు, నీలి లింకులు, ఎడమపక్క వెనక్కి బాణం: ఇవి ముందే పెట్టి ఉంటాయి, మనం మార్చకపోతే అలాగే ఉండిపోతాయి. పెళ్ళి కథైనా నల్ల తెరే, పసిపిల్ల కథైనా నల్ల తెరే.

మార్చినవాళ్ళు ఏం చేశారో రెండు ఉదాహరణలు చెబుతాను. 2013లో జోయీ క్విన్, ఇంకో ఇద్దరితో కలిసి చేసిన 'డిప్రెషన్ క్వెస్ట్'లో పాఠకుడి ముందు కొన్ని దారులుంటాయి. వాటిలో మంచివి, ఆరోగ్యవంతుడు ఇట్టే ఎంచుకునేవి, కొట్టేసి ఉంటాయి. చదవగలం, నొక్కలేం. స్నేహితుడితో మనసు విప్పి మాట్లాడటం అనే దారి కళ్ళముందే ఉంది, దాని మీద అడ్డగీత. కుంగుబాటు గురించి పది పేజీలు రాసినా రాని సంగతి ఆ ఒక్క గీత చెప్పింది. పోర్పెంటైన్ 2014లో చేసిన 'విత్ దోజ్ వి లవ్ అలైవ్'లో లింకులు రెండు రంగులు. ఒక రంగు మాటను తాకితే ఆ మాటే మారుతుంది, మనం కదలం. రెండో రంగు తాకితే కథ ముందుకు కదులుతుంది. ఉండటానికీ వెళ్ళటానికీ తేడా రంగుతో చూపింది. మధ్యలో పెన్ను తీసుకుని సొంత చర్మం మీద గుర్తులు గీసుకోమంటుంది, ఆ పని చేసినవాళ్ళ చేతులు నేను చూశాను.

ఇప్పుడు మన సంగతి. మూడేళ్ళ కిందట మా విద్యార్థులతో కలిసి ట్వైన్‌లో తెలుగు కథ ఒకటి కట్టబోయాను. పాత ఇంట్లో అద్దెకున్న వరస కుటుంబాల కథ. మొదటి రోజే గీత దగ్గర ఆగిపోయాం.

ఇంగ్లిష్ అక్షరాల కింద చోటు ఖాళీగా ఉంటుంది. జీ, వై లాంటి నాలుగైదు అక్షరాల తోకలు తప్ప కిందికి దిగేవి లేవు. తెలుగులో ఒత్తులన్నీ అక్కడే కాపురం. 'స్వాతంత్ర్యం' అనే మాట కింద గీత గీయండి, వావత్తును కోసేస్తుంది, తకారం కింది రావత్తు, యావత్తుల గుత్తిని రెండు ముక్కలు చేస్తుంది. బ్రౌజర్లు ఈమధ్య ఒక తెలివి నేర్చుకున్నాయి, అక్షరం దిగిన చోట గీతను తెంపి దూకిస్తాయి. దాంతో మన మాట కింద గీత తెగి తెగి, మోర్స్ తంతిలా తయారవుతుంది. పోనీ గీతను ఇంకా కిందికి దింపుదామంటే, కింది లైనులో తలకట్టూ గుడీ పైకి లేచి కాచుకుని ఉంటాయి. అప్పుడు గుర్తొచ్చారు మాస్టారు. సీసం అక్షరాల రోజుల్లో ఎవరైనా మాటకు కింద రూలు వేయమంటే ఆయన ఒప్పుకునేవారు కాదు, నల్ల టైపు వాడమనేవారు. మేం దాన్ని ఆయన చాదస్తం కింద కట్టేశాం.

రెండోది సంధి. లింకు అంటే ఒక మాటకు వేసే హద్దు. మనకు మాటల మధ్య హద్దులెక్కడ? "ఆమె ఇంటికెళ్ళింది" అని రాశాడొక కుర్రవాడు. 'ఇల్లు' మీద లింకు కావాలి. 'ఇంటి' వరకు లింకు చేస్తే 'కెళ్ళింది' మొండిగా మిగిలింది. 'ఇంటికి' మొత్తం చేద్దామంటే ఆ 'కె'లో క ఇంటిదీ, ఎత్వం వెళ్ళడానిదీ. ఒకే అక్షరంలో రెండు మాటలు సంసారం చేస్తున్నాయి. మొండిగా హల్లుకూ గుణింతానికీ మధ్య లింకు తెంచితే కొన్ని బ్రౌజర్లలో చుక్కల సున్న ఒకటి వచ్చి కూర్చుంది. చివరికి లింకు పెట్టే మాటల దగ్గర సంధి విడదీసి రాయాలని నియమం పెట్టుకున్నాం. దానికో దుష్ఫలితం ఉంది, తెలివైన పాఠకురాలు రెండో పేజీలోనే కనిపెట్టేసింది. వాక్యం ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ లింకుందని ఆమెకు తెలిసిపోయింది. మేం గుర్తులు తీసేసినా వ్యాకరణం గుర్తు పెట్టేసింది. నాకు అది తప్పుగా అనిపించలేదు. జాయిస్ ఇంగ్లిషులో దాచినదాన్ని తెలుగు తనంతట తానే కాస్త పైకి చూపిస్తోంది.

మూడోది క్రియ. ఇంగ్లిషులో ఎంపికల జాబితా క్రియతో మొదలవుతుంది, కళ్ళు ఎడమ అంచు మీద జారుతూ తేడా పట్టేస్తాయి. మనం రాసిన జాబితా ఇలా ఉంది: ఉత్తరం చదువు, ఉత్తరం చించు, ఉత్తరం దాచు. ఎడమ అంచున ఉత్తరాల వరస, తేడా అంతా చివర. ఉత్తరాన్ని ఒక్కసారి పైన రాసి, కింద చదువు, చించు, దాచు అని మాత్రం పెట్టాక తెర తేలికపడింది. ఇదంతా డిజైన్ పుస్తకాల్లో ఉండదు, భాష చెప్పాలి.

నాలుగోది నన్ను ఇప్పటికీ వదలని చిక్కు. ఈ కథల్లో చాలా భాగం పాఠకుణ్ణే "యూ" అని పిలుస్తాయి. నువ్వా, మీరా? క్రియల వరకు మన అదృష్టం బాగుంది, "వచ్చావు", "వచ్చారు" అంటే ఆడో మగో తేలదు. కానీ తెలుగు ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఊరికే పిలవరు. మా కథలో ఎదురింటి ముసలావిడ తలుపు తీస్తూనే పలకరించాలి. 'అమ్మాయ్' అందా, 'నాయనా' అందా, 'వదినా' అందా? ఏదన్నా పాఠకుడి వయసూ వరసా తేలిపోతాయి. చాలా రోజులు తర్జనభర్జన పడ్డాక ఆ చిక్కునే మొదటి తెర చేశాం. ముసలావిడ తలుపు సందులోంచి "ఎవరూ?" అంటుంది. కింద నాలుగు పిలుపులు, పాఠకుడు తనకు సరిపోయేది తాకుతాడు. తర్వాతి కథలన్నీ ఆ పిలుపును బట్టి కాస్త కాస్త మారతాయి. పిన్నిగారు అయినవాళ్ళకు వంటింటి దారి తెరుచుకుంటుంది, తమ్ముడు అయినవాళ్ళకు డాబా మీది దారి. ఇది సరైన పరిష్కారమో కాదో చెప్పలేను. వరస కుదరని మనుషులు ఆ నాలుగు పిలుపుల్లో ఎక్కడ తమను చూసుకోవాలని ఒక విద్యార్థి అడిగాడు. అయిదో లింకు పెట్టాం: ఏమీ అనకుండా చూస్తూ నిలబడటం.

గుర్తు సంగతి చెప్పి ముగిస్తాను. గీత మానేశాం. నీలం మానేశాం. లింకు మాట వెనక, ఒత్తుల అడుగుదాకా, పలచని పసుపు పూత వేశాం, పండగరోజు గడపకు రాసినంత. లైన్ల మధ్య ఎడం పెంచాం. ఫోనులో చదివేవాళ్ళ బొటనవేలు మాటంత వెడల్పు ఉంటుంది కనుక 'ఆ', 'ఈ' లాంటి బుల్లి మాటలకు లింకు పెట్టలేదు. పూత ఇష్టంలేని కొన్ని చోట్ల, ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పని గది దగ్గర మాత్రం, జాయిస్ పద్ధతే పాటించాం. అక్కడ ఏ గుర్తూ లేదు. ఆ గది ఉందని తెలియకుండా కథ పూర్తిచేసినవాళ్ళే ఎక్కువ, నాకు దాని గురించి బాధ లేదు.

ఇప్పుడు వెనక తెర మీద ఆ కథ మొదటి పేజీ కనిపిస్తోంది. ముందు వరసలో కూర్చున్న పాప, అవును నువ్వే, ఇలా రామ్మా. ఈ ఫోను పట్టుకో. ఆవిడ తలుపు సందులోంచి చూస్తోంది, ఎవరూ అని అడిగింది. తొందరేం లేదు, నీకు ఏది సరిపోతుందో అది తాకు.